కుచ్చిళ్ళు వెనక్కి, సంచీ ముందుకి

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఈసారి ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం: స్కాట్లాండ్ పద్ధతి సైనిక యూనిఫాంతో వేసుకునే కిల్ట్, అంటే నడుము నుంచి మోకాళ్ళ దాకా చుట్టుకునే కుచ్చిళ్ళ గళ్ళ బట్ట. స్కాట్లాండ్ కవి రాబర్ట్ బర్న్స్ పేరిట జనవరి 25న వచ్చే బర్న్స్ నైట్ విందుల కోసం ఇప్పటినుంచే హడావిడి మొదలైనట్టుంది. ఒకే రకం ప్రశ్నలు కలిపేశాం.

*మా అబ్బాయి బ్రిటిష్ సైన్యంలో రాయల్ రెజిమెంట్ ఆఫ్ స్కాట్లాండ్‌లో చేరాడు. వాడి కిల్ట్‌కి మాకు నచ్చిన గళ్ళు ఎంచుకోవచ్చా? మనమే కుట్టించాలా?*
— ఒక తల్లి, గ్లాస్గో

ఎంచుకునే వీల్లేదమ్మా. యూనిఫాంలో కిల్ట్ కూడా తుపాకీ లాగే రెజిమెంట్ ఇచ్చేది, రెజిమెంట్ చెప్పినట్టే ధరించేది. 2006 మార్చి 28న పాత స్కాటిష్ పదాతి రెజిమెంట్లు కలిసి ఈ రెజిమెంట్ ఏర్పడింది. అప్పటినుంచి అందరికీ ఒకటే టార్టాన్ (గళ్ళ నేత). దాని పేరు గవర్నమెంట్ 1ఏ, ముదురు నీలం, ఆకుపచ్చ, నలుపు గళ్ళు. అంతకుముందు లోలాండ్ (దక్షిణ స్కాట్లాండ్) రెజిమెంట్ల మామూలు సిపాయిలకి కిల్ట్ లేదు, ట్రూస్ అనే గళ్ళ ప్యాంటు ఉండేది. మీ అబ్బాయి ఏ బెటాలియన్‌వాడో కిల్ట్ చూసి చెప్పలేరు. టామ్ ఓ షాంటర్ టోపీ మీద ఉండే ఈకల కుచ్చు చూడాలి. ఎరుపైతే 3వ బెటాలియన్ (పాత బ్లాక్ వాచ్), తెలుపైతే 2వది, నీలమైతే 4వది, ఆకుపచ్చైతే 5వది (ఇప్పుడది ఒక్క కంపెనీయే).

సిపాయిలకు కిల్ట్ సైన్యమే ఇస్తుంది. ఆఫీసర్లు మాత్రం విందులకు వేసుకునే మెస్ డ్రెస్ సొంతంగా కుట్టించుకోవడం రివాజు. అప్పుడు కూడా బట్ట, కుచ్చిళ్ళ తీరు, బొత్తాలు రెజిమెంట్ చెప్పినవే. బయట దుకాణంలో చవగ్గా దొరికిందని కొంటే మొదటి తనిఖీలోనే పక్కన పెట్టించేస్తారు.

*కిల్ట్, స్పోరన్ (ముందు వేలాడే సంచీ), స్పాట్స్ (బూట్ల మీది తొడుగులు), బెల్టు, కోటు… ఏది ముందు, ఏది తర్వాత? ప్రతిసారీ చివర్లో వంగి బూట్లు కట్టుకునేసరికి వెనక కుచ్చిళ్ళు నలిగిపోతున్నాయి.*
— క్యాడెట్, అబర్డీన్

జబ్బు మీరే చెప్పారు. వంగే పనులన్నీ కిల్ట్ కట్టకముందే అయిపోవాలి.

ముందు చొక్కా. తర్వాత మేజోళ్ళు. వాటి పైఅంచు మడత మోకాలి చిప్పకి మూడు వేళ్ళ కింద ఆగాలి. అంతకంటే పైకి పోతే కాలు పొట్టిగా కనిపిస్తుంది, కిందికి జారితే పిక్క సగంలో కోసినట్టుంటుంది. మడత కింద ఎలాస్టిక్ పట్టీ కట్టి, దానికుండే ఫ్లాష్‌లు (వేలాడే రంగు గుడ్డ ముక్కలు) కాలి బయటివైపు, కాస్త ముందుకి వచ్చేలా సర్దాలి. పట్టీ మరీ బిగిస్తే గంటసేపు కవాతులో నిలబడ్డాక పాదం తిమ్మిరెక్కుతుంది. కవాతు మైదానంలో కళ్ళు తిరిగి పడిపోవడానికి ఇదొక్కటే కారణమని అనం, కానీ మంచిది కాదు.

ఆపైన బూట్లు, వాటి మీద తెల్ల స్పాట్స్. బొత్తాలు బయటివైపు రావాలి. స్పాట్స్ కొత్తవైతే బొత్తాల కాజాలు బిరుసుగా ఉంటాయి, వేళ్ళతో కుదరదు. బొత్తాల కొక్కెం కొనుక్కోండి, చిన్న ఖర్చే. కింది బొత్తం నుంచి పైకి పెట్టుకుంటూ రండి. పై నుంచి మొదలెడితే చీలమండ దగ్గర ముడత పడి ఆగిపోతుంది.

ఇప్పుడు కిల్ట్. వీపు వెనక నుంచి రెండు చేతుల్తో చుట్టి, లోపలి పల్లాన్ని (కుచ్చిళ్ళు లేని చదును భాగాన్ని) కుడినుంచి ఎడమకి తెచ్చి, దాని పట్టీని ఎడమ నడుము దగ్గర ఉన్న చీలికలోంచి బయటికి లాగి బకిల్ పెట్టాలి. ఆపైన బయటి పల్లాన్ని ఎడమనుంచి కుడికి తెచ్చి కుడివైపు బకిల్స్ పెట్టాలి. దారాల కుచ్చు ఉన్న అంచు ఎప్పుడూ మీ కుడిచేతి వైపే. ఎడమవైపు లోపలి బకిల్ వదులైతే లోపలి పల్లం జారి, బయటి అంచు కింద నాలుకలా వేలాడుతుంది. చాలామంది బయటి బకిల్స్ బిగిస్తూ పోతారు, జబ్బు మాత్రం లోపలిదానిలో ఉంటుంది.

కిల్ట్ ఎత్తు చూడాలి. మనవాళ్ళు మొదట్లో దీన్ని లుంగీలా తుంటి మీదికి దింపి కడతారు. కిల్ట్ కూర్చునేది బొడ్డు పైన. మోకాళ్ళ మీద నిలబడితే అంచుకీ నేలకీ మధ్య ఒక అంగుళం సందు ఉండాలి. లేచి నిలబడితే అంచు మోకాలి చిప్ప మధ్యకి రావాలి. పల్లం మధ్యలో నిలువుగా పోయే గీత బొడ్డుకి సరిగ్గా కింద ఉందా, అద్దంలో చూసుకోండి.

తర్వాత స్పోరన్. పట్టీ వెనక కుచ్చిళ్ళ కుట్ల మీదుగా పోవాలి, వాటి కింద నుంచి కాదు. చివరికి కోటు, బెల్టు, క్రాస్ బెల్టు, టోపీ. ఆఖరిసారి వెనక్కి తిరిగి ఎవరిచేతైనా కుచ్చిళ్ళు కిందికి దువ్వించుకోండి. ఒక్కరే ఉంటే అరచేతి వెనకభాగంతో దువ్వుకోవచ్చు.

*నా కిల్ట్ వెనకాల దిగిపోయి, ముందు లేచినట్టుంది. దర్జీ తప్పా?*
— పాఠకుడు, లండన్

నూటికి తొంభైసార్లు కట్టుకునేవాళ్ళ తప్పే. బొజ్జ ఉంటే కిల్ట్ ముందుభాగం బొజ్జ కిందికి జారుతుంది, వెనకభాగం నడుము మీద ఉండిపోతుంది. అప్పుడు జరిగేది మీరు చెప్పినదానికి తిరగబడి, ముందు అంచు కిందికి దిగడం. మీకు వెనక దిగుతోందంటే పట్టీలు వదులైపోయి, బరువంతా ఉన్న కుచ్చిళ్ళ వైపు లాగుతోందన్నమాట. పట్టీ ఒక రంధ్రం బిగించండి. తోలు సాగిపోయి రంధ్రాలు అయిపోతే బకిల్ జరిపి కుట్టించండి. సస్పెండర్లు వేసుకునే వీలున్న కిల్ట్ అయితే వాటికి మించింది లేదు.

మరో పరీక్ష: కదలకుండా నిలబడ్డప్పుడు కుచ్చిళ్ళు విచ్చుకుని ఉంటే తుంటి దగ్గర కిల్ట్ చాల్లేదు. దానికి మాత్రం దర్జీయే దిక్కు.

హైలాండ్ (స్కాట్లాండ్ కొండప్రాంతం) పద్ధతి కోటు ముందుభాగం స్పోరన్ కనిపించేలా గుండ్రంగా కోసి ఉండటం గమనించే ఉంటారు. ఆ కోత దగ్గర చొక్కా తెల్లగా కనిపించిందంటే కిల్ట్ కిందికి కట్టారని రుజువు. మామూలు ప్యాంటు మీద వేసుకునే పొడుగు యూనిఫాం కోటుని కిల్ట్ మీద వేస్తే స్పోరన్ దాని కింద దూరి, పొట్ట దగ్గర మూటలా లేస్తుంది.

*మా స్కూల్లో బ్యాగ్‌పైప్ బ్యాండ్ పెడుతున్నారు. పిల్లలకి కిల్టులు కుట్టమన్నారు. బట్ట ఎంత కావాలి, కుచ్చిళ్ళు ఎలా లెక్కపెట్టాలి?*
— దర్జీ, విజయవాడ

మీకు ముందుగా పెద్దవాళ్ళ సైనిక కిల్ట్ లెక్క చెప్తాం, పిల్లలకి దాన్నే తగ్గించుకోండి.

పూర్తి కిల్ట్‌కి 8 గజాలు, అంటే 288 అంగుళాలు. తొమ్మిది గజాల చీర తెలిసినవాళ్ళకి ఇది అబ్బురం కాదు. ఇది సింగిల్ పన్నా లెక్క. 54 నుంచి 60 అంగుళాల డబుల్ పన్నా బట్టైతే 4 గజాలు కొని, నిలువునా మధ్యకి చీల్చి, రెండు ముక్కలూ గళ్ళు కలిసేలా అతకాలి. అతుకు కుచ్చిలి లోపల దాగిపోవాలి, పైకి రాకూడదు.

గళ్ళ వరుస 8 అంగుళాలకోసారి తిరిగి వస్తోందనుకోండి. ఒక్కో కుచ్చిలి ఒక్కో వరుసని మింగుతుంది. 27 కుచ్చిళ్ళకి 216 అంగుళాలు. రెండు పల్లాలకి 24 చొప్పున 48. చివరి లోతు మడతలకీ అంచులకీ 20. మొత్తం 284, మీ 8 గజాల్లో సరిపోతుంది. తుంటి కొలత 40 అంగుళాలైతే వెనక సగం 20 అంగుళాల్లో ఆ 27 కుచ్చిళ్ళు కూర్చోవాలి కాబట్టి, తుంటి దగ్గర ఒక్కోటి ముప్పావు అంగుళం కంటే కాస్త తక్కువ కనిపిస్తుంది. నడుము దగ్గర ఇంకా సన్నబడాలి. తుంటి నుంచి నడుము దాకా ప్రతి కుచ్చిలినీ ఏటవాలుగా కుట్టుకుంటూ పోవడంలోనే పనితనమంతా ఉంది. కుట్టు తుంటి దగ్గర ఆగిపోవాలి. కింద దాకా కుట్టారో, నడిచేటప్పుడు ఊగదు, బోర్డులా ఉంటుంది.

పౌరుల కిల్టుల్లో మడిచినా వెనక కూడా ముందున్న గళ్ళే కనిపించేలా కుచ్చిళ్ళు పెడతారు. సైనిక పద్ధతి వేరు. ఒకే గీత ప్రతి కుచ్చిలి నడుమా వచ్చేలా పెడతారు. గోర్డన్ హైలాండర్లకి పసుపు గీత, సీఫోర్త్ హైలాండర్లకి తెల్ల గీత అలా వచ్చేవి. నిలబడితే వెనక వరసగా నిలువు గీతలు, అడుగేస్తే మడతల లోపలి గళ్ళు మెరుస్తాయి. బ్యాండ్ పిల్లలు వరసలో నడుస్తుంటే ఇదే అందం, ఇలాగే కుట్టండి.

ఉన్ని బట్టని బరువుతో చెప్తారు. 16 ఔన్సులంటే డబుల్ పన్నా గజం బరువు 16 ఔన్సులని. 4 గజాలకి 64 ఔన్సులు, దాదాపు 1.8 కిలోలు. ఆ బరువే కుచ్చిళ్ళని కిందికి లాగి నిలబెడుతుంది. కానీ మే నెల విజయవాడలో పిల్లలకి అది శిక్ష. పాలిస్టర్–విస్కోస్ బట్ట తీసుకుని, 4 నుంచి 5 గజాలతో పెద్ద బాక్స్ కుచ్చిళ్ళు పెట్టండి. పల్చటి బట్టకి సన్న కుచ్చిళ్ళు పెడితే గాలికి లేచిపోతాయి. మరో మాట: మన సైన్యపు పైప్ బ్యాండ్లలో ఎక్కువగా కనిపించేది ప్యాంటు, భుజం మీద టార్టాన్ ప్లెయిడ్. మీ స్కూలువాళ్ళు ఆ దారి పట్టినా తప్పేం లేదు, ఖర్చు సగానికి పైగా తగ్గుతుంది.

*కిల్ట్ పిన్ రెండు పల్లాల్నీ కలిపి గుచ్చాలా?*
— పాఠకుడు, హైదరాబాద్

వద్దు. పై పల్లానికి మాత్రమే. రెండూ కలిపి గుచ్చితే కూర్చున్నప్పుడు గుంజి బట్ట చిరుగుతుంది, నడక కుంటినట్టుంటుంది. కుడివైపు అంచునుంచి రెండు అంగుళాలు లోపలికి, కింది అంచునుంచి మూడు నాలుగు అంగుళాలు పైకి. కొన్ని రెజిమెంట్లు పిన్ బదులు రిబ్బన్ ముళ్ళు పెట్టుకుంటాయి, అక్కడ పిన్ ఊసే ఎత్తొద్దు.

*అమెరికా సైన్యంలో పనిచేస్తున్నాను. మా యూనిట్ బాల్‌కి (నాట్య విందుకి) మెస్ జాకెట్ మీద కిల్ట్ వేసుకోవచ్చా? స్నేహితుడొకడు వేసుకున్న ఫొటో చూశాను.*
— పాఠకుడు, టెక్సస్

ఫొటోలో ఉన్నంతమాత్రాన నిబంధన అయిపోదు. అమెరికా సైన్యం, నౌకాదళం, వాయుసేన, మెరైన్లు, ఎవరి యూనిఫాంలోనూ కిల్ట్ లేదు. యూనిఫాం ముక్కలతో పౌర దుస్తులు కలపకూడదన్నది అక్కడి గట్టి నియమం. వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ లాంటి చోట్ల క్యాడెట్ల పైప్ బ్యాండ్లు కిల్ట్ వేస్తాయి, అది బ్యాండుకిచ్చిన దుస్తు. మెరైన్లకి లెదర్‌నెక్ అనే టార్టాన్, నౌకాదళానికి ఎడ్జెల్ అనే టార్టాన్ ఉన్న మాట నిజమే. అవి అభిమానంతో నేయించినవి, పౌర దుస్తుల్లో వేసుకోవడానికి.

మీకు రెండు దారులున్నాయి. పూర్తి యూనిఫాంలో వెళ్ళండి. లేదా ఆహ్వానం పౌర దుస్తుల్ని అనుమతిస్తే పూర్తి హైలాండ్ సాయంకాలపు దుస్తుల్లో వెళ్ళండి: ప్రిన్స్ చార్లీ జాకెట్, మూడు బొత్తాల వెయిస్ట్‌కోటు, నల్ల బో టై, గొలుసు పట్టీ ఉన్న డ్రెస్ స్పోరన్. వెయిస్ట్‌కోటు ఉంటే నడుముకి వెడల్పు బెల్టు వద్దు. స్పోరన్ వెయిస్ట్‌కోటు అంచుకి నాలుగు వేళ్ళ కింద వేలాడాలి. సగం అదీ సగం ఇదీ చేస్తే రెండువైపులా మర్యాద పోతుంది.

*పతకాలు ఏ సైజువి?* అని ఎడిన్‌బరోనుంచి, టొరంటోనుంచి ముగ్గురు అడిగారు. బ్రిటిష్, కెనడా పద్ధతిలో పగటి యూనిఫాంమీద నిండు సైజు, మెస్ డ్రెస్‌మీద చిన్న సైజు. పౌరుల సాయంకాలపు దుస్తులమీద కూడా చిన్నవే, అదీ పతకాలు పెట్టుకు రమ్మని ఆహ్వానంలో రాసి ఉంటేనే. బ్రిటన్‌లో తాతగారి పతకాలు మనవడు స్మృతి దినాన పెట్టుకోవాలంటే కుడి రొమ్ముమీద; కెనడాలో మాత్రం చట్టం ఒప్పుకోదు. ఎడమవైపు సంపాదించుకున్నవాళ్ళది.

*టొరంటోలో రిజర్వ్ హైలాండ్ రెజిమెంట్‌లో చేరాలనుకుంటున్నాను. ఆడపిల్లలకి కిల్ట్ ఇస్తారా?*
— పాఠకురాలు

2022లో కెనడా సైన్యం దుస్తుల నియమాల్లో ఆడ, మగ తేడా తీసేసింది. ఇక మిగిలింది యూనిట్ నియమాలు. ఆ నగరంలోనే ఎంత తేడా ఉందో చూడండి: 48వ హైలాండర్లది డేవిడ్‌సన్ టార్టాన్, గళ్ళతో. టొరంటో స్కాటిష్‌వాళ్ళది హాడెన్ గ్రే, అసలు గళ్ళే లేని మట్టిరంగు బట్ట. ఆ బట్ట 1859లో ఏర్పడ్డ లండన్ స్కాటిష్ నుంచి వచ్చింది. ఏ ఒక్క వంశపు గళ్ళూ తీసుకోకుండా ఆ పని చేసినవాడు దాని మొదటి అధిపతి లార్డ్ ఎల్కో. కొలతలిచ్చేటప్పుడు నడుము, తుంటి రెండూ మీరు నిలబడి ఉండగా తీయించుకోండి. నడుముకీ తుంటికీ తేడా ఎక్కువగా ఉంటే మగవాళ్ళ కొలతల్లో కుట్టిన కిల్ట్ నడుము దగ్గర సంచీలా నిలబడుతుంది.

*మావారితో రెజిమెంట్ విందుకి వెళ్ళాలి. పట్టుచీర మీద టార్టాన్ సాష్ (భుజం మీదుగా వేసే గుడ్డపట్టీ) వేసుకోమంటున్నారు.*
— పాఠకురాలు, ఎడిన్‌బరో

వద్దండీ. సాష్ మామూలుగా కుడి భుజం మీద వేసుకుంటారు. ఎడమ భుజం మీద వేసుకునేది వంశ నాయకుల భార్యలు, స్కాటిష్ రెజిమెంట్ల కల్నళ్ళ భార్యలు. మీ పవిట ఎడమ భుజం మీద ఉంటుంది, సాష్ కుడి మీద వేస్తే రొమ్ము మీద రెండు బట్టలు ఢీకొంటాయి. చీర నిండైన వేడుక దుస్తు, అక్కడ దాన్ని లోటుగా ఎవరూ చూడరు. మీవారు ఎలా కూర్చోవాలో కూడా మీరు అడిగారు. కుర్చీకి వెనక్కి నిలబడి, అరచేతి వెనకభాగంతో కుచ్చిళ్ళని కిందికి దువ్వి కూర్చోమనండి. మోకాళ్ళు దగ్గరగా, స్పోరన్ వాటి మధ్య వేలాడేలా. కారెక్కేటప్పుడు ముందు కూర్చుని, తర్వాత కాళ్ళు లోపలికి.

*మేజోడులో కత్తి పెట్టుకోవడం తప్పనిసరా?*

కాదు. స్గీన్ డూ అనే ఆ చిన్న కత్తి ఎవరు పెట్టుకోవాలో రెజిమెంట్ చెప్తుంది. మామూలుగా ఆఫీసర్లు, పైపర్లు. కుడి మేజోడులో, ఎడమచేతివాటం వాళ్ళయితే ఎడమ మేజోడులో. పిడి మాత్రమే పైకి కనిపించాలి. విమానంలో చేతిసంచీలో పెట్టారో, భద్రతా సిబ్బంది తీసేసుకుంటారు, సామాన్లలో వేయండి.

*లోపల ఏమైనా వేసుకుంటారా?*
— ఒక డజను మంది, పేర్లు లేకుండా

సంప్రదాయం వద్దంటుంది, హైలాండ్ నృత్యం చేసేవాళ్ళకి మాత్రం తప్పనిసరి. మెట్లెక్కేవాళ్ళు, గాలివాన రోజుల్లో మైదానంలో నిలబడేవాళ్ళు తమ బుద్ధికి తోచినట్టు చేస్తారు. కొత్త ఉన్ని గుచ్చుతుందని కూడా తెలుసుకోండి.

*ఈ కిల్ట్ యుద్ధంలో కూడా వేసుకునేవారా? మన దేశంలో కూడా?*
— విద్యార్థి, వరంగల్

వేసుకున్నారు. 1746 నాటి బ్రిటిష్ చట్టం హైలాండ్ దుస్తుల్ని పౌరులకి నిషేధించింది, సైన్యానికి కాదు. 1782లో ఆ చట్టం పోయేదాకా కిల్ట్ బతికింది చాలావరకు రెజిమెంట్ల పుణ్యమాని. మన దేశంలోనే 1803లో జరిగిన అస్సాయే యుద్ధంలో పోరాడిన 74వ, 78వ హైలాండ్ రెజిమెంట్లలో 74వదానికి 1809లో కిల్ట్ పోయింది. ఆ ఏడు మొత్తం ఆరు రెజిమెంట్లనుంచి తీసేశారు. హైలాండ్స్‌లో జనం చాలడం లేదు, ఇంగ్లీషు కుర్రాళ్ళు ఆ దుస్తు చూసి చేరడం లేదన్నది కారణం. మొదటి ప్రపంచ యుద్ధపు కందకాల్లో కుచ్చిళ్ళు బురద పీల్చి, చలికి గడ్డకట్టి, మోకాళ్ళ వెనక కోసేవి. పేలు మడతల్లో చేరేవి. అయినా 1940 మేలో ఫ్రాన్స్‌లో కామెరాన్ హైలాండర్లు కిల్టులతోనే పోరాడారు. ఆ తర్వాత అది వేడుకలకీ కవాతులకీ మాత్రమే మిగిలింది. ఒక మినహాయింపు: 1944 జూన్ 6న ఫ్రాన్స్ తీరంలోని సోర్డ్ బీచ్‌లో పైపర్ బిల్ మిలిన్ బ్యాగ్‌పైప్ వాయిస్తూ దిగింది మొదటి ప్రపంచ యుద్ధంలో వాళ్ళ నాన్న వేసుకున్న కిల్ట్‌తో.

*ఉన్ని కిల్ట్‌ని విశాఖ తేమలో దాచడం ఎలా? ఉతకాలా?*
— పాఠకురాలు, విశాఖపట్నం

నీళ్ళలో ఉతకొద్దు. వేసుకున్న రాత్రే నాలుగు క్లిప్పుల హ్యాంగర్‌కి నడుము పట్టీ దగ్గర తగిలించి గాలికి ఆరనివ్వండి. వానలో తడిసినా అంతే, హీటర్ పక్కన, ఎండలో పెట్టొద్దు. మరక ఉన్నచోట తడిగుడ్డతో తుడవండి. డ్రై క్లీనింగ్ ఏడాదికోసారి చాలు, అది కూడా కుచ్చిళ్ళకి అడ్డంగా రెండు మూడు వరసలు కచ్చాకుట్లు వేశాకే ఇవ్వండి. లేదంటే లాండ్రీవాడు కుచ్చిళ్ళని తనకి తోచినచోట మడిచి ఇస్త్రీ చేస్తాడు. ఇంట్లో ఇస్త్రీ చేసినా కచ్చాకుట్లు ఉండాలి, పైన తడి నూలుగుడ్డ వేసి అదమాలి, లాగకూడదు. దారం మీదుగా గట్టిగా అదిమితే దాని అచ్చు బట్ట మీద పడిపోతుంది.

పురుగు కొట్టేది ఎక్కువగా చెమటా తిండి మరకలూ ఉన్నచోట. అందుకే దాచేముందు శుభ్రం చేయాలి. కలరా ఉండలు బట్టకి తగలకుండా గుడ్డలో మూటకట్టి వేయండి. ప్లాస్టిక్ కవర్లో బిగిస్తే మన తీరప్రాంతపు తేమకి బూజు పడుతుంది, నూలు సంచీ వాడండి. ప్రయాణానికి కుచ్చిళ్ళు ఒకదానిమీదొకటి సర్ది, పొడవునా చుట్టలా చుట్టి, పాత నైలాన్ మేజోడు ఒకటి దానికి తొడిగేయండి. పెట్టెలోంచి తీసి ఓ గంట తగిలిస్తే చాలు, ఇస్త్రీ అక్కర్లేకుండా వస్తుంది.